సముద్రానికీ తూములుంటాయి



సెలవులు వచ్చాయంటే మన కొత్తకోట, వనపర్తి, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి విశాఖపట్నం వెళ్లి సముద్రం చూసి వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి. ఇది సంతోషించదగిన విషయమే. ప్రయాణానికి ముందు మనం రైలు టిక్కెట్ల గురించి, బస గురించి, అరకు వెళ్లే బండి గురించి ఎన్నో ఆలోచనలు చేస్తాం. ఏ నీటిని చూడడానికి ఏడు వందల కిలోమీటర్లకు పైగా వెళ్తున్నామో, ఆ నీటి స్వభావం గురించి మాత్రం ఆలోచించం. డెబ్బై ఏళ్లు దాటి, జీవితమంతా వైద్యవృత్తిలో గడిపిన నేను కూడా ఆలోచించలేదు. నా అజ్ఞానం నాకు ఒక మోకాలి నొప్పితో, కొంత సిగ్గుతో తీరిపోయింది. అందరికీ అంత చవకగా తీరదు. అందుకే ఈ వ్యాసం.

మన మెట్ట ప్రాంతంలో 'సముద్రం' అనేది చెరువు పేరు. మన మండలంలోని కానాయపల్లి దగ్గర శంకరసముద్రం ఉన్నది. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి ఆలయాన్ని ఆనుకొని రంగసముద్రం ఉన్నది. మదనాపురం దగ్గర 1959లో పూర్తయిన సరళాసాగర్ ఉన్నది. నీటి కరవులో పుట్టి పెరిగినవాళ్లం కనుక, కనుచూపు మేర నీరు కనిపిస్తే చాలు, దానికి సముద్రమనో సాగరమనో పేరు పెట్టి మురిసిపోయాం. ఆ మురిపెంలో తప్పు లేదు. అయితే మనకు తెలియకుండానే ఒక పొరపాటు మనసులో స్థిరపడింది. సముద్రమంటే చాలా పెద్ద చెరువు అనుకుంటున్నాం. చెరువు గట్టున నేర్చుకున్న జ్ఞానంతోనే సముద్రంలోకి దిగుతున్నాం.

గత సంక్రాంతి తరువాత నేను, నా శ్రీమతి, మా అమ్మాయి కుటుంబంతో కలిసి విశాఖ వెళ్లాం. రామకృష్ణా బీచ్ గురించి మీకు కొత్తగా చెప్పవలసినది లేదు. తూర్పు తీరం కనుక సూర్యుడు నీటిలో నుండే లేచి వస్తాడు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచి ఉంటుంది. ఉత్తరాన కైలాసగిరి కనిపిస్తుంది. రేవులో చోటు కోసం లంగరు వేసిన ఓడలు దూరంగా వరుసగా నిలిచి ఉంటాయి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి ఒడ్డున మ్యూజియమై సందర్శకులకు ఆతిథ్యమిస్తున్నది. తెల్లవారుజామున బీచ్ రోడ్డుపై వాహనాలను ఆపి, ఆ దారిని నడిచేవారికి వదిలిపెడతారు. చల్లని గాలిలో, సమతలమైన దారిలో, వందలాది మంది నడుమ నడుస్తుంటే నా వయసువారికి రక్తపోటు మాత్ర వేసుకున్నంత హాయిగా ఉంటుంది. ఇలాంటి నడక దారి మన ప్రతి పట్టణానికీ ఉంటే మా వైద్యులకు సగం పని తగ్గుతుందని ఆ ఉదయం అనుకున్నాను.

అదే రోజు సాయంత్రం మోకాలి లోతు నీటిలో నిలబడ్డాం. పదేళ్ల మనుమడి చేయి నా చేతిలో ఉన్నది. ఫోటో కోసం మా అల్లుడు ఒడ్డు వైపు తిరగమన్నాడు. తిరిగాం. అంతకు ముందు వచ్చిన అలలన్నీ పిక్కల దాకా వచ్చి వెళ్లినవే. తరువాతి అల నా నడుము దాకా వచ్చింది. అది వచ్చేటప్పుడు నేను పడలేదు. వెనక్కి వెళ్లేటప్పుడు నా పాదాల కింది ఇసుకను తనతో తీసుకుపోయింది. నేను కూలబడ్డాను. పిల్లవాడి చేయి నా చేతిలో నుండి జారిపోయింది. అక్కడికి పది అడుగుల దూరంలో వల సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు రెండంగల్లో వచ్చి వాడి చొక్కా పట్టుకొని పైకి లేపాడు. ఆ తరువాత నన్ను లేపాడు. అంతా పది సెకన్లలో ముగిసింది.

ఆయన కోప్పడలేదు. "బాబూ, ఇది సెరువు కాదు, సంద్రం. అలకి ఈపు సూపించకూడదు" అని మాత్రం అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. వైద్యశాస్త్రంలో పట్టా ఉన్న నాకు ఆయన ఒక్క వాక్యంలో పాఠం చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి మనుమడు హాయిగా నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. కుడి చేతిని తెరిచి మూసి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నీట మునిగి మరణించినవారికి నేను ఎన్నో శవపరీక్షలు చేశాను. చెరువులో, బావిలో, కాలువలో, కృష్ణా నదిలో పోయినవారు. నివేదికలో రాసే కారణం ఒక్కటే, నీట మునిగి ఊపిరాడకపోవడం. కాని ఆసుపత్రి ఆవరణలో తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాట మరొకటి ఉండేది. "మావాడికి ఈత వచ్చు సారూ" అనేవారు. ఆ మాటను నేను దుఃఖంలో అన్న మాటగానే విన్నాను. ఇప్పుడు వేరుగా వినిపిస్తున్నది. వాళ్లకు ఈత వచ్చు. ఆ నీరు ఎలాంటిదో తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చెరువులో తూము దగ్గర ఈతకు దిగవద్దని మన పెద్దలు పిల్లలకు చెప్పేవారు. పైకి నీరు నిలకడగానే ఉంటుంది, లోపల మాత్రం తూము వైపు లాగుతుంటుంది. మిత్రులారా, సముద్రానికీ తూములుంటాయి. అలలు నిరంతరం నీటిని ఒడ్డుకు నెడుతుంటాయి. అలా చేరిన నీరంతా తిరిగి వెళ్లవలసిందే కదా. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక దిబ్బలు ఉంటాయి. వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నీరంతా కూడి, సన్నని పాయగా, వేగంగా సముద్రంలోకి మళ్లుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. మన సరళాసాగర్‌లో నీరు ఒక మట్టానికి చేరగానే, ఎవరి చేయీ పడకుండా సైఫన్లు వాటంతటవే నీటిని విడుస్తాయి. సముద్రం చేసేది కూడా దాదాపు అదే. తేడా ఏమిటంటే, మన తూముకు రాతి కట్టడం ఉంటుంది, ఊరిలో అందరికీ దాని చోటు తెలుసు. సముద్రపు తూముకు గుర్తు ఉండదు. ఇసుక దిబ్బలు కదిలే కొద్దీ దాని చోటు కూడా మారుతుంది. నిన్న క్షేమంగా స్నానం చేసిన చోటే నేడు గండం కావచ్చు. అలలు ఉద్ధృతంగా ఉన్న రోజున ఈ పాయ వేగం సెకనుకు రెండు మీటర్ల వరకు చేరుతుంది. ఒలింపిక్స్ ఈతగాడు కూడా ఆ వేగానికి ఎదురీది నెగ్గలేడు.

ఇందులో మన ప్రాంతం వారికి మరింత ప్రమాదకరమైన సంగతి ఒకటి ఉన్నది. నీటి పాయ బయటకు వెళ్లే ఆ సందులో లోతు ఎక్కువ కనుక అక్కడ అలలు అంతగా విరగవు. ఇరుపక్కలా తెల్లని నురగతో అలలు విరుగుతుంటే, మధ్యలో ఆ కొంత మేర మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. అలలంటే భయం ఉన్నవాళ్లు, పిల్లలు వెంట ఉన్నవాళ్లు, 'ఇక్కడ నిమ్మళంగా ఉన్నది' అనుకొని ఆ చోటునే ఎంచుకుంటారు. చెరువులో నిశ్చలమైన నీరు క్షేమానికి గుర్తు. సముద్రంలో రెండు నురగల నడుమ నిశ్చలంగా కనిపించే నీరు ప్రమాదానికి గుర్తు. మనకున్న జాగ్రత్తే మనల్ని అక్కడికి తీసుకువెళ్తుంది. నా అభిప్రాయంలో ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పోయిన ప్రాణాలు లెక్కలేనన్ని.

పొరపాటున ఆ పాయలో చిక్కుకుంటే ఏం చేయాలి? మొదట గుర్తుంచుకోవలసినది, అది మనిషిని అడుగుకు లాగదు, దూరానికి లాగుతుంది. చంపేది ప్రవాహం కాదు, ఒడ్డు వైపు ఎదురీది ఈది అలసిపోవడం. కనుక ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి. ఒక చేయి పైకెత్తి సాయం కోరాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా, అంటే కుడికో ఎడమకో ఈదాలి. పాయ సన్ననిది కనుక కొంత దూరం పక్కకు జరిగితే దాని పట్టు వీడుతుంది. అప్పుడు అలలు విరిగే చోటు నుండి, ఆ అలల సాయంతోనే, ఏటవాలుగా ఒడ్డుకు రావచ్చు.

ఒడ్డున ఉన్నవారికి కూడా కొన్ని విషయాలు తెలియాలి. మునిగిపోయేవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని సినిమాలు చూసి అనుకుంటాం. నిజానికి ఊపిరికే కష్టమైనవాడు కేక వేయలేడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటుంది, మనిషి నిలువుగా ఉంటాడు, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. ఒక నిమిషంలోపే మునిగిపోవచ్చు. పక్కనున్నవారికి ఆడుకుంటున్నట్లే కనిపిస్తుంది. అందువల్ల పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు ఫోన్ లోపల పెట్టి, వారిని మాత్రమే చూస్తూ, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి.

ఒకరు కొట్టుకుపోతుంటే అన్నో, స్నేహితుడో వెంటనే దూకుతారు. ఒక ప్రాణం పోవలసిన చోట రెండు, మూడు పోతాయి. దూకకండి. తేలే వస్తువు ఏది దొరికినా విసరండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, ట్యూబు, తాడు, ఏదైనా సరే. మత్స్యకారులను, రక్షక సిబ్బందిని పిలవండి. ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి.

బయటకు తీసిన తరువాత మన వాళ్లు చేసే పనులు చూసి నేను చాలాసార్లు బాధపడ్డాను. కడుపు మీద నొక్కుతారు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తారు. కుండ మీద బోర్లా పడుకోబెట్టి తిప్పుతారు. ఇవేవీ చేయవద్దు. మనిషి చనిపోయేది కడుపులో నీటి వల్ల కాదు, మెదడుకు ప్రాణవాయువు అందక. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కడుపు నొక్కితే అందులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ విలువైన నిమిషాలూ పోతాయి. మనిషి స్పృహలో లేక, ఊపిరి తీసుకోకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా ఊపిరి ఊదాలి. గుండెపోటు కన్నా నీట మునిగినవారి విషయంలో ఈ ఊపిరికి ప్రాధాన్యం ఎక్కువ. ఆ తరువాత ఛాతీ నడుమ రెండు చేతులతో, పెద్దవారికైతే సుమారు ఐదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో ముప్పై సార్లు నొక్కి, రెండు సార్లు ఊపిరి ఊదాలి. సాయం వచ్చేవరకు అలాగే కొనసాగించాలి. తేరుకొని కూర్చున్నా సరే, దగ్గు, ఆయాసం, మగత ఉంటే తప్పక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తరువాత కూడా కష్టం కలిగించగలదు.

నా వయసువారికి రెండు మాటలు. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గుతుంది. మధ్యాహ్నపు ఇసుక కాలినా, గవ్వ ముక్క గుచ్చుకున్నా తెలియదు. పొద్దున వట్టి కాళ్లతో సరదాగా నడిచి, ఇంటికి చేరాక పుండుతో నా దగ్గరకు వచ్చినవారున్నారు. చెప్పులు వదలకండి. రాత్రి గదికి వచ్చాక పాదాలను వెలుతురులో పరీక్షించుకోండి. ఇక మద్యం తాగి నీటిలో దిగడం గురించి వేరుగా చెప్పనక్కర లేదు. అది ఏ వయసులోనైనా మృత్యువును పిలవడమే.

ఇప్పుడు నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. సముద్రంలో యువకులు కొట్టుకుపోయినప్పుడల్లా 'సరదా ప్రాణం తీసింది', 'ఆకతాయితనం ఫలితం' అనే మాటలు వింటుంటాం. ఇది అన్యాయమని నేను భావిస్తున్నాను. పోయినవారిలో తొందరపాటు వారు ఉండవచ్చు. కాని సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో పుట్టినవాడికి సముద్రం గురించి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నేర్పారు? మలేరియా దోమ ఎక్కడ పెరుగుతుందో బడిలో నేర్పాం. పాము కాటుకు ఏం చేయాలో నేర్పాం. నీటి గురించి నేర్పలేదు. నేర్పని పాఠంలో తప్పాడని పిల్లవాడిని నిందిస్తున్నాం.

మా చిన్నతనంలో మోటబావులు ఉండేవి. వీపుకు బెండ్లు కట్టుకొని, అన్నలో బాబాయిలో మెట్ల మీద నిలబడి చూస్తుండగా ఈత నేర్చుకునేవాళ్లం. తరువాత బోరుబావులు వచ్చాయి. మోటబావులు ఎండిపోయి, పూడిపోయాయి. వాటితోపాటు ఒక తరం ఈత కూడా పూడిపోయింది. ఇప్పుడు ఎత్తిపోతల పథకాలతో కాలువలకు, చెరువులకు నీరు వచ్చింది. ఆ నీటికి జీవితాంతం ఎదురుచూసినవాడిని కనుక ఎంతో ఆనందించాను. కాని నీరు తిరిగి వచ్చినంత వేగంగా నీటి జ్ఞానం తిరిగి రాలేదు.

ఇది చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో సగానికి దగ్గరగా 29 ఏళ్లలోపు వారే. మన దేశంలో ఏటా ముప్పై వేలకు పైగా మరణాలు నమోదవుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. మన బడులలో ఆ రోజున ఒక్క గంట కేటాయించినా చాలు. విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్లే ప్రతి విద్యాసంస్థా, బయలుదేరే ముందు రోజు అలల గురించి, వెనక్కి లాగే పాయల గురించి పిల్లలకు బొమ్మ గీసి చూపాలి. తీరంలో హెచ్చరిక బోర్డులు ఉండాలి. కాని బోర్డు కనిపించేసరికి పిల్లల కాళ్లు నీటిలోనే ఉంటాయి. హెచ్చరిక ప్రయాణం మొదలైన ఊరిలోనే ఉండాలి.

ప్రభుత్వాలకూ ఒక విన్నపం. సందర్శకులు వచ్చే ప్రతి తీరంలోనూ ఏడాది పొడవునా శిక్షణ పొందిన రక్షకులు ఉండాలి. మత్స్యకార యువకులను మించిన రక్షకులు దొరకరు. వారికి శిక్షణతోపాటు నెలనెలా జీతం ఇవ్వాలి, కేవలం సన్మానాలు కాదు. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు ఉన్న షరతులలో పరిశుభ్రతే కాదు, ప్రాణరక్షణ సామగ్రి, ప్రథమ చికిత్స ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఆ ప్రమాణం ఒక్క బీచ్‌కు పరిమితం కాకూడదు. ఎత్తైన అలలు, ఉప్పెనల గురించి తీరానికి హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది. మెట్ట నేల మీద కూర్చొని సముద్రాన్ని అధ్యయనం చేయవచ్చునని దానిని చూసైనా మనం గ్రహించాలి.

కొందరు మిత్రులు, 'ఇంత భయమెందుకు, అసలు నీటిలోకి ఎవరినీ దిగనీయకపోతే సరిపోతుంది' అంటారు. నేను ఒప్పుకోను. నిషేధం పోలీసు ఉన్నంతసేపే పనిచేస్తుంది. తెలివి మనిషి వెంటే వెళ్తుంది. పైగా సముద్రం చూసిన పిల్లవాడి ముఖంలోని వెలుగును ఏ నిషేధంతోనూ తీసివేయకూడదు.

కనుక వెళ్లండి. పిల్లలను, పెద్దలను తీసుకువెళ్లండి. తెల్లవారుజామున ఆ తీరం వెంట నడవండి. నీటిలో అడుగు పెట్టే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలలను చూడండి. నురగల మధ్య ప్రశాంతంగా ఉన్న చోటు కనిపిస్తే పిల్లలకు వేలు పెట్టి చూపించి, 'అదిగో తూము' అని చెప్పండి. ఎర్రజెండా ఉంటే నీటి జోలికి వెళ్లవద్దు. రక్షకులు ఉన్న చోటనే, చీలమండ తడిసేంత వరకే ఆనందించండి. ఒడ్డున ఉన్న మత్స్యకారుడిని ఒక మాట అడగండి. 'ఈ పూట ఇక్కడ నీరు ఎలా ఉంది అన్నా?' అంటే ఆయన తప్పక చెబుతాడు.

మొన్న మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడు శంకరసముద్రం కట్ట మీదికి తీసుకువెళ్లాను. వాడు నీటిని కాసేపు చూసి, "తాతా, దీని తూము ఎక్కడుంది?" అని అడిగాడు. చూపించాను. నీటిని చూసినప్పుడు మన పిల్లలందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న అదే కావాలని నా కోరిక.